పేర్లు పడేలోపు కూర్చోవాలి

పెళ్ళిచూపులయ్యాక నాయన నాకు ఆదివారం దాకా గడువిచ్చాడు. ఆ సాయంత్రానికి అవునో కాదో చెప్పాలి. అబ్బాయిది పెనుకొండలో ఉద్యోగం, మనిషీ బాగానే ఉన్నాడు. నా అనుమానమల్లా ఒకటే. ఆ రోజు నేను మాట్లాడిందే నాలుగు ముక్కలు, అందులో రెండు సరిదిద్దాడు. జీవితాంతం దిద్దించుకుంటూ బతకడం నావల్ల కాదు. నాకసలే ముక్కుమీద కోపం. ఇంకోసారి చూసి చెబుతానంటే, హిందూపురంలో ఏదో సూపర్ హీరో సినిమా ఆడుతోందని, అవ్వను తోడిచ్చి పంపారు.

ధర్మవరంలో మేమిద్దరం రైలెక్కాం. పెనుకొండలో అతనెక్కాడు. ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టాడు. ఇలాంటి సినిమాలకు పేర్లు పడేలోపు వెళ్ళి కూర్చోవాలట. పిడుగులు, మబ్బులు, బృందగానం వస్తే దేవుళ్ళలాంటి శక్తులున్నవాడి కథ. ఇనుప అక్షరాలు మరల్లాగా తిరిగితే బుర్రతో కవచం చేసుకున్నవాడి కథ. నల్లటి తెరమీద వాన కురిస్తే పగ. పాత పాట పెట్టి అక్షరాలు వంకరటింకరగా పడ్డాయా, ఇక నవ్వులే. అవి చూడకుండా కూర్చుంటే సినిమాను ఏ కళ్ళతో చూడాలో తెలియదన్నాడు.

అవ్వ అంతా విని, అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టి చూస్తామే, అట్లనా అని అడిగింది.

"మెతుకు కాదవ్వా, తిరగవాత వాసన. ఏం కూరో తినకముందే తెలిసిపోతుంది" అన్నాడు.

అవ్వకు ఆ మాట తెగ నచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పెద్దావిడ సామెతను కూడా వదల్లేదే అనుకున్నాను.

రైలు ఆలస్యమైంది. హాలేమో పై అంతస్తులో ఉంది, అవ్వకు మోకాళ్ళ నొప్పి. సగం మెట్లెక్కేసరికి లోపల ఉరుములు, డప్పులు మొదలయ్యాయి. మీరు ముందు పొండి, మేం నిదానంగా వస్తామన్నాను. అతను తలుపు వైపు ఒకసారి ఆశగా చూసి, అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. మేం కూర్చునేసరికి పేర్లన్నీ అయిపోయాయి.

తెరమీద ఒకాయన మబ్బులు చీల్చుకుని కిందికి దిగుతున్నాడు. చుట్టూ వెలుగు, కింద జనం తలలెత్తి చూస్తున్నారు. అవ్వ గబుక్కున చెప్పులు విడిచి కుర్చీ కిందికి తోసి, రెండు చేతులూ జోడించింది. ఆమె కాలంలో భక్తి సినిమా అంటే చెప్పులతో కూర్చునేవాళ్ళు కాదు.

"దేవుని సినిమా అని ముందే చెప్పకూడదా అప్పా? తలకు పోసుకోని వచ్చిండేదాన్ని కదా" అంది అతనితో.

అయిందిరా, ఇక ఇంటర్వెల్ దాకా పాఠమే అనుకున్నాను. వెనకవాళ్ళు అప్పుడే కిసుక్కున నవ్వుతున్నారు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అతను వంగి ఏదో వెతుకుతున్నట్టు కనబడితే తొంగి చూశాను. షూ లేసులు విప్పుకుంటున్నాడు. విప్పి, షూ కూడా కుర్చీ కిందికి నెట్టి, సాక్సులతో కూర్చున్నాడు.

"పేర్లు చూడలేదు కదవ్వా, నాకూ తెలీలేదు" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత తెరమీద ఏం జరిగిందో నేను సరిగా చూడలేదు. ఇంటర్వెల్‌లో బయటికి వచ్చి నాయనకు ఫోన్ చేసి, ముహూర్తాలు చూసుకోమన్నాను.