లిస్టులో లేని మనిషి

ఆకాశం నుంచి చూసే కెమెరాకు నేల మీది వస్తువులు ఎంత స్పష్టంగా కనిపించాలో దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయని నాకు కెనడాలోని కాల్గరీకి వచ్చాకే తెలిసింది. ఒక దేశపు విమానం ఇంకో దేశం మీద ఎగిరి ఫోటోలు తీయొచ్చు, ఎవరి దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయో చూసుకోవచ్చు. కానీ ముప్పై సెంటీమీటర్ల కంటే చిన్నది కెమెరాకు విడిగా తెలియకూడదు. నేను చదువులో భాగంగా కో-ఆప్ ఉద్యోగం చేసిన చిన్న కంపెనీ ఆ విమానాల్లోని పాత ఫిల్మ్ కెమెరాలు తీసేసి డిజిటల్‌వి బిగించేది. కొత్త కెమెరా మరీ చురుకైనది. దాని చూపును హద్దులో పెట్టడమే మా పని. కళ్లజోడు కొనిచ్చి, ఇంతే చూడు, అంతకు మించి చూడకు అని గద్దించినట్టు ఉండేది నాకు.

నా పని మాత్రం నేల మీదే. ఊరికి గంట దూరంలో వాడకం లేని రన్‌వే మీద మంచు ఊడ్చి, నలుపు తెలుపు చారల పలకలు పరచాలి. ఆ చారలు ఎంతవరకు విడివిడిగా తెలుస్తున్నాయో పైనుంచి కెమెరాను పరీక్షిస్తారు. అక్కడున్న ప్రతి వస్తువునూ లిస్టు రాయాలి. ట్రక్కు ఒకటి, కోన్లు ఎనిమిది, చీపుర్లు రెండు. తర్వాత విమానం తిరిగి వెళ్లేదాకా ట్రక్కులో కూర్చోవాలి.

ఆ చలికాలం నేను ఒంటరిగా ఉన్నాను. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు రాదు. బేస్‌మెంట్‌లో నలుగురు ఆడపిల్లలం ఉండేవాళ్లం. ఎవరి షిఫ్టులు వాళ్లవి. సింకులో వాళ్ల గిన్నెలు కనిపించేవి, వాళ్లు కనిపించేవాళ్లు కాదు. క్లాసులో సగం మంది మనవాళ్లే, కో-ఆప్ మొదలవగానే తలో దిక్కు పోయారు. రన్‌వే మీద పలకలతో తెలుగులో పోట్లాడేదాన్ని. "నిన్న పెట్టిన చోట ఉండవేం? కాళ్లొచ్చాయా నీకు?" అనేదాన్ని. గాలికి పలక టపటపా కొట్టుకునేది.

మా సూపర్‌వైజర్ గుంటూరు వైపు మనిషి, అమెరికాలో కొన్నేళ్లు చేసి వచ్చారు. ఆ సంగతి తెలిసి మొదటి రోజే సంబరంగా తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చారు. పక్కవాళ్లకు అర్థంకాని భాష మాట్లాడటం మర్యాద కాదట. ఒళ్లు మండింది. కానీ కో-ఆప్ ఫారం మీద సంతకం ఆయనదే. అది పడకపోతే కోర్సు పూర్తికాదు, కోర్సు పూర్తికాకపోతే వర్క్ పర్మిట్ రాదు. నోరు మూసుకున్నాను.

చివరి పరీక్షకు పరాయి దేశం నుంచి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు వచ్చి ఆయనతోపాటు విమానం ఎక్కారు. అప్పటికి మూడు రోజులుగా పని మాట తప్ప నేను ఎవరితోనూ మాట్లాడలేదు. విమానం చప్పుడు వినగానే ఏం బుద్ధి పుట్టిందో, ట్రక్కు దిగి పలకల పక్కన తారు మీద వెల్లకిలా పడుకున్నాను. నిలబడితే పైనుంచి ఒక చుక్క. పడుకుంటే ఐదారు చుక్కలు. ఎక్కడో ఒక ఫోటోలో నేనూ ఉండాలనిపించింది.

మధ్యాహ్నం ఫోటోను స్క్రీన్ మీద వేశారు. పెద్ద ఇన్‌స్పెక్టర్ పలకల పక్కన బూడిదరంగు మరక మీద వేలు పెట్టాడు. అది లిస్టులో లేదు. లేనిదాన్ని చూపించే కెమెరాకు సర్టిఫికెట్ ఇవ్వలేమన్నాడు. సూపర్‌వైజర్ ముఖం పాలిపోయింది. రెండేళ్లు కూర్చుని ఆయన సరిచేసిన కెమెరా అది. నేను ఊరుకుంటే నా ఫారం భద్రం.

"అది నేనే," అన్నాను అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో.

"అక్కడేం చేస్తున్నావు?" సూపర్‌వైజర్ అడిగారు.

"పడుకున్నాను."

"లిస్టులో ఎందుకు రాయలేదు?"

"నన్ను కూడా రాసుకోవాలని తోచలేదు."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఊరికే మాట మీద నమ్మడం వాళ్ల పద్ధతి కాదు. మర్నాడు అదే చోట అలాగే పడుకోవాలి, మళ్లీ ఫోటో తీసి పోల్చి చూస్తారు. సూపర్‌వైజర్ లిస్టు తీసుకుని చీపుర్ల కింద 'మనిషి, ఒకరు' అని తన చేత్తో రాశారు. నా పొడుగు అడిగి అదీ వేశారు. ఫారం మాట నేను అడగలేదు, ఆయన ఎత్తలేదు. పై వారం సంతకం పడింది లెండి.

మర్నాడు చలి ఎముకలు కొరికేస్తోంది. రేడియో ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాను. విమానం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో రేడియో గరగరమంది.

"చలేస్తోందా అమ్మా?"

సూపర్‌వైజర్ గొంతు. తెలుగు. నేను నోరు తెరిచేలోపే పెద్ద ఇన్‌స్పెక్టర్ అడ్డుపడ్డాడు. ఏం మాట్లాడుకుంటున్నారో తమకు చెప్పాలన్నాడు.

"కింద ఉన్నది మా మనిషి. చలిగా ఉందేమోనని అడిగాను," అని ఈయన ఇంగ్లీషులో చెప్పారు.

తర్వాత ఇన్‌స్పెక్టరే అడిగాడు, "మరి ఏమంది?" అని.

బొటనవేలితో బటన్ నొక్కి, "చాలా చలేస్తోందండీ," అన్నాను తెలుగులోనే. కళ్లు తుడుచుకుందామంటే కదలకూడదు, ఫోటో ఇంకా పూర్తికాలేదు.