మామగారి ఫియట్‌కు బీపీ చూసిన రోజు

ఆ రోజుల్లో కామారెడ్డి ఇంకా జిల్లా కాలేదు, నాకు ఇంకా బుద్ధి రాలేదు. తర్వాత కామారెడ్డి జిల్లా అయింది. రెండోదాని గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అప్పుడు నేను అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. బోర్డు మీద బొమ్మ గీయగలిగిన ప్రతి వస్తువూ నాకు వచ్చినట్టేనని నమ్మే వయసు. సన్నని గొట్టంలో గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుందని, ఆ తగ్గిన చోటికి పెట్రోలు తనంతట తానే ఎగజిమ్ముతుందని, కార్బురేటర్ అంటే అంతేనని మూడేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. అసలు కార్బురేటర్‌ను కళ్లతో ఎన్నడూ చూడలేదు (పిల్లలూ చూడలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు).

అత్తగారిల్లు ఎల్లారెడ్డి. మామకు బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం, లింగంపేట దారిలో నాలుగెకరాల మక్క చేను, ఇంటి ముందు రేకుల కింద ఒక తెల్ల ఫియట్ కారు. నిజాంసాగర్‌లో పనిచేసిన కాలువల ఇంజనీరు ఒకాయన రిటైరై వెళ్లిపోతూ ఇచ్చిన కారు అది. మామ దాన్ని ‘మా తెల్లది’ అనేవాడు (కొత్తవాళ్లు ఆవు అనుకునేవారు). దాని పాత కార్బురేటర్ పగిలితే, అసలుది దొరకక, ఎవరో హైదరాబాద్ నుంచి వేరేది తెచ్చి బిగించారు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. ఎందుకు లేదో కొన్నాళ్లకు అర్థమైంది. తెల్లది నల్లపొగ వదలడం, పెట్రోలు వాసన కొట్టడం, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆగి ఆలోచించడం మొదలుపెట్టింది. ఊళ్లో మెకానిక్ ట్రాక్టర్ల మనిషి. రెండుసార్లు వచ్చి చూశాడు, మూడోసారి ఫోన్ ఎత్తలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ మామ అన్నాడు, “అల్లుడా, రేపటిదాక చూస్త. ఎల్లుండి పాత ఇనుము సేటు వచ్చి తెల్లదాన్ని తీస్కపోతనన్నడు.” పప్పు గిన్నె నా వైపు జరిపాడు. “నువ్వు సదువు జెప్పేది గీ ఇంజన్ల గురించే గదా?” అని అడిగాడు. కాదనడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో నేను పప్పు వేసుకున్నాను. “చూద్దాం మామా, చిన్న పనే,” అన్నాను. నా భార్య తలెత్తి నన్ను చూసింది. సైకిల్ చైను ఊడితే నేను సైకిల్‌ను తోసుకుంటూ షాపుకు పోతానని ఆమెకు తెలుసు.

అత్తగారి గురించి ఇక్కడ చెప్పాలి. అల్లుడితో నేరుగా మాట్లాడడం మర్యాద కాదని ఆమె పట్టింపు. నేను చేతికందే దూరంలో ఉన్నా నా భార్యతోనే, “అల్లున్ని ఇంకింత ఏస్కోమను బిడ్డా,” అనేది. నేనూ, “కడుపు నిండిందని చెప్పు,” అనేవాణ్ని. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా భార్యకు ఇదే ఉద్యోగం. అత్తగారు పొద్దంతా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. కారు ఉండేది సరిగ్గా ఆ అరుగుకు ఎదురుగా.

ఆ సాయంత్రం నెట్ సెంటర్‌లో కూర్చుని కార్బురేటర్ ట్యూనింగ్ మీద పదకొండు పేజీలు ప్రింటు తీయించాను. ఏదో దేశంలో ఎనిమిది సిలిండర్ల కారుకు రాసిన పాఠం అది. మాదానికి నాలుగే కాబట్టి సగం పాటిస్తే చాలనుకున్నాను. ఇంజను గాలిని ఎంత బలంగా పీలుస్తోందో ముందు మీటరు పెట్టి చూడాలట. ఎల్లారెడ్డిలో నాకు తెలిసిన మీటరు పక్క వీధి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఉండే బీపీ మిషను ఒక్కటే. మిషనును ఒంటరిగా పంపనని ఆదివారం పొద్దున ఆయనే వెంట వచ్చాడు. దాని రబ్బరు గొట్టాన్ని ఇంజనుకు తగిలించి, తాళం తిప్పి కారు చాలు చేశాం. ముల్లు సున్నా దగ్గరే కూర్చుంది. డాక్టరు కాసేపు చూసి, అలవాటైన గొంతుతో, “బీపీ అందుతలేదు సార్. ఇంట్లోల్లకు చెప్పుండ్రి,” అన్నాడు. మామ నిజంగానే లోపలికి వెళ్లి చెప్పి వచ్చాడు. (ఆ మిషను నెట్టే ఒత్తిడిని కొలుస్తుంది, పీల్చేదాన్ని కాదు. ఇదీ నేను పిల్లలకు చెప్పే పాఠమే.)

ఇక కార్బురేటర్ మూత విప్పాను. లోపల పెట్రోలు గిన్నె, అందులో తేలే ఫ్లోటు. గిన్నె నిండగానే ఫ్లోటు లేచి పెట్రోలును ఆపాలి. ఇది ఆలస్యంగా లేస్తోంది, పెట్రోలు పొంగుతోంది, నల్లపొగ అందుకే. ఇంతవరకు నేను సొంతంగా కనిపెట్టాను, ఈ మాట మాత్రం ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను. ఫ్లోటు ఎత్తును నిర్ణయించే చిన్న రేకును అటు వంచాల్సింది ఇటు వంచాను. పెట్రోలు నా చొక్కా మీదికి వచ్చింది. డాక్టరు మిషను సర్దుకుని, వేరే కేసు ఉందని వెళ్లిపోయాడు. మళ్లీ వంచాను. పొగ తగ్గింది.

గాలీ పెట్రోలూ ఎంతెంత కలవాలో చెప్పే చిన్న స్క్రూ ఒకటి మిగిలింది. ఇంజను బాగా నడిచే చోట దాన్ని ఆపమని కాగితంలో ఉంది. బాగా నడవడమంటే ఏమిటో లేదు. కుడికి తిప్పితే ఆగిపోయింది. ఎడమకు తిప్పితే వణికింది. మధ్యాహ్నం దాకా అదే వరస. మామ పాత గుడ్డ తడిపి తెచ్చి తెల్లదాని అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఎక్కడికో పంపేముందు తయారు చేస్తున్నట్టు, మూలమూలలా, తొందర లేకుండా తుడుస్తున్నాడు. నాకు అది చూడబుద్ధి కాలేదు. నాకు రాదు మామా అని చెబుదామని నోరు తెరిచాను.

“బిడ్డా, అల్లున్ని ఎడమకు జర తిప్పమను,” అంది అరుగు మీద నుంచి అత్తగారు.

నా భార్య నా వైపు తిరిగి, “ఎడమకు జర తిప్పమంటుంది,” అంది. తిప్పాను. “ఇంక జర అను.” “ఇంక జరంట.” “ఎక్కువైంది, ఎనకకు రమ్మను.” మాట ఇద్దరిని దాటి నా దగ్గరికి వచ్చేలోపు ఇంజను ఆగిపోయింది. మూడుసార్లు అట్లాగే ఆగింది. నాలుగోసారి అత్తగారు చాట పక్కన పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, మెట్లు దిగి వచ్చి బానెట్ పక్కన నిలబడింది. కళ్లు మూసుకుంది. “మెల్లగ. ఇంక మెల్లగ. ఆగు. గంతే, చెయ్యి తియ్యి.”

తీశాను. ఇంజను ఎక్కడా తడబడకుండా ఒకే తీరుగా ఆడుతోంది. తాను ఎవరితో మాట్లాడిందో అప్పుడు తట్టినట్టుంది, అత్తగారు గబగబా అరుగెక్కింది. మామ చేతిలో గుడ్డతోనే అరుగు దగ్గరికి వచ్చాడు.

“నీకెట్ల తెలుసే?”

“పిట్లంల మా తల్లిగారింట్ల, మా బాపు ఆయిల్ ఇంజన్ నేనే చాలు జేస్తుంటి. సప్పుడు ఇంటే తెల్వదా?”

“మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి.”

“మెకానిక్‌ను అడిగినవు, అల్లున్ని అడిగినవు, ఆఖరికి డాక్టర్‌ను గూడ అడిగినవు,” అని ఆమె చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆ సాయంత్రం మామ లింగంపేట దాకా వెళ్లి వచ్చాడు, ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆగలేదు. సోమవారం వచ్చిన సేటుకు చాయ్ తాగించి పంపించాడు. ఆ తర్వాత దుకాణానికి వచ్చినవాళ్లందరికీ, “మా అల్లుడు లెక్చరర్. సప్పుడు ఇని సెట్ చేసిండు,” అని చెప్పసాగాడు. నేను పక్కనే ఉన్నాను. దిద్దలేదు. అప్పుడు కూడా బహుశా పప్పు లాంటిదేదో దొరికి ఉంటుంది.

దాంతో మేము ఎల్లారెడ్డి వెళ్లిన ప్రతి ఆదివారమూ ఎవరో ఒకరు ఏదో ఒక బండి తెచ్చేవారు. నేను తల పంకించి, “అరుగు ముందట పెట్టుండ్రి, నీడ మంచిగుంటది,” అనేవాణ్ని. కాసేపటికి నా భార్య మంచినీళ్ల గ్లాసుతో వచ్చి, “కుడికి పావు,” అని గొణిగి వెళ్లేది. ఆమె మొహం చూసే ధైర్యం నాకు ఉండేది కాదు. అత్తగారు మాత్రం ఒక్కరితోనూ, ఒక్కసారీ, నిజం చెప్పలేదు.

ఒకసారి మాత్రం ఒకాయన నా పేరు విని కామారెడ్డిలో మా ఇంటికే స్కూటరు తెచ్చాడు. ఇంట్లో నేనొక్కణ్నే ఉన్నాను. చాలాసేపు దాని చప్పుడు విన్నాను. కళ్లు కూడా మూసుకున్నాను. చివరికి, “ఇది హైదరాబాద్‌ల చూపియ్యాల్సిన కేసు,” అన్నాను. ఆయన నాకు దండం పెట్టి వెళ్లాడు.

ఆ కుర్ర లెక్చరర్‌ను ఇప్పుడు తలచుకుంటే నాకు కోపం రాదు. నాకు తెలియదు అనే చిన్న మాట నోట రావడానికి పాపం అతనికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. స్క్రూడ్రైవర్ పట్టుకునే తీరు మాత్రం, చూసినవాళ్లు చెప్పగా, అచ్చం మెకానిక్ తీరే.