ఏపుగా పెరిగిన గులాబీ

ఆ దర్జీ చూపు టేపుతో సమానమని వీధిలో పేరు. మనిషి గుమ్మం దాటేలోపే నడుమెంతో, భుజమెంతో చెప్పేసేవాడు. ఆ పేరు సగం తను చెప్పుకున్నదే, అది వేరే సంగతి.

ఒక ఏడాది అతని భార్య జ్వరపడి లేచింది. పుల్లలా అయిపోయింది. మేడమీద ఆమె పెంచుకునే గులాబీ కూడా నీళ్లు పోసే దిక్కులేక మోడైంది. ఇద్దరినీ మళ్లీ మనుషుల్లో పడెయ్యాలని దర్జీ పంతం పట్టాడు. మొక్కకి వారం వారం చెంచాడు యూరియా, ఆమెకి పూటపూటా కొసరి కొసరి తిండి.

వానలు పడేసరికి గులాబీ ఏపుగా లేచింది. ఆమె కూడా నిండుగా కనిపించింది. బుగ్గలు వచ్చాయి, జాకెట్లు బిగుతయ్యాయి. అతను సంబరంగా కుట్లు విప్పి వదులు చేశాడు. కొన్నాళ్లకి మళ్లీ విప్పాడు.

"ఒళ్లంతా బరువుగా ఉందండీ. మెట్లెక్కితే ఆయాసం."

"ఒళ్లు చేస్తే ఆయాసం రాదా మరి? ఈసారి బిగుతైతే గుడ్డ అతకాల్సిందే!"

ఆమె కూడా నవ్వింది, పాపం.

ఒక్కటే లోటు, గులాబీకి మొగ్గ లేదు. ఇంకేం ఎరువు వెయ్యాలో అడుగుదామని కొమ్మ తుంచుకుని ఎరువుల కొట్టుకి వెళ్లాడు. కొట్టు ముసలాయన కొమ్మ విరిచి చూసి విసుక్కున్నాడు.

"యూరియా దంచికొట్టావా? దానికి ఆకే వస్తుందయ్యా, పువ్వెందుకొస్తుంది? ఈ కాడ చూడు, అంతా నీరే. పైకి నిండుగా ఉంటే బాగున్నట్టేనా? అది ఆపి ఈ ఎముకల పొడి వెయ్యి."

పొట్లం పట్టుకుని వస్తూ సగం దారిలో దర్జీ ఆగిపోయాడు. ఆ పైన పరుగే.

ఆమె కునుకు తీస్తోంది. పాదం మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది. అది ఒళ్లు కాదు, నీరు.

మూత్రపిండాలు చెడ్డాయని, ముందే తీసుకురావలసిందని డాక్టరు అన్నాడు. ఆమె చలికాలం చూడలేదు. ఆ రోగానికి తన కత్తెరతో తనే చోటు చేసిపెట్టానని దర్జీ కుమిలిపోయాడు. గులాబీ మాత్రం విరగబూసింది. ఆ పూలు కంటపడితే అతను మొహం తిప్పుకునేవాడు. అయినా నీళ్లు పోయడం మానలేదు.

ఇప్పుడు ఎవరైనా ఒళ్లు చేశామని, బట్టలు వదులు చేయమని వస్తే అతను కత్తెర ముట్టడు.

"ముందు పాదం మీద ఒకసారి నొక్కి చూసుకోండి," అంటాడు.

మతి చలించిందని జనం నవ్వుకుంటారు. నవ్వుతూనే నొక్కుకుంటారు. గుంట పడలేదని కళ్లారా చూశాకే అతను కుట్లు విప్పుతాడు.