బావగారి పెట్టె మోసిన రోజు

ఎనభైల్లో మేము అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. మావారి అన్నగారూ మాతోనే ఉండేవారు. ఆయనకు క్యాన్సర్ ముదిరిన చలికాలంలోనే మావారు మంచులో జారిపడితే కుడి భుజం కీలు తప్పింది.

"ఒరేయ్, నా శవపెట్టె ముందువైపు నువ్వే పట్టాలి" అన్నారు బావగారు.

భుజం కుదుటపడ్డాక మావారు కెటిల్‌బెల్ అనే పిడి ఉన్న ఇనుప గుండు కొన్నారు. రోజూ అన్నగారి మంచం పక్కనే దాన్ని పైకెత్తి, చెయ్యి వణకకుండా నిలిపేవారు.

"గట్టిగా పట్టు. నన్ను పడేశావంటే లేచొచ్చి తంతా!"

"నువ్వు లేస్తానంటే తప్పకుండా పడేస్తా అన్నయ్యా."

ఇద్దరూ నవ్వేవారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చేదాన్ని.

మంచు కరిగే రోజుల్లో బావగారు ప్రభువు దగ్గరికి వెళ్లారు. సమాధుల తోటలో తడిగడ్డి మీద పెట్టె మోస్తున్నవాళ్లలో ఒకాయన కాలు జారేసరికి, అది ఒక్కసారిగా ఒరిగింది. చర్చివాళ్లంతా కేక పెట్టారు. బరువంతా మావారి కుడిచేతి మీద పడింది. ఆయన వదల్లేదు.

గోతి దగ్గర పెట్టె దించాక అందరూ చేతులు తీశారు. మావారు తీయలేదు.

"ఇంక వదలండి" అన్నాను.

"వేళ్లు రావడం లేదే" అన్నారు మెల్లగా.

ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను. అన్న పోయినా ఆయన ఏడవలేదని తర్వాత కొందరు అన్నారు. ఆ చెయ్యి పట్టుకున్నది నేను, నాకు తెలుసు.