వీణ దిగేదాకా సర్వర్ డౌన్

బాన్సువాడలో ఒకరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంటర్నెట్‌ను ఆపేసిన ఘనుణ్ణి నేనే. ఊరంతటికీ కాదు లెండి, మా బావ ఆన్‌లైన్ సెంటర్‌కు మాత్రమే. కానీ ఆ రోజు ఆ సెంటర్‌లో నిలబడ్డవాళ్ళకు అదే లోకం. ఎలా ఆపానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. మా బావ పక్కనున్నప్పుడు మాత్రం వద్దు, ఆయన ఇంకా పూర్తిగా చల్లారలేదు.

అప్పటికి నా ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఈ రెంటి మధ్యా మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి గనక నేను శబ్దం పిచ్చిలో పడ్డాను. పాటల పిచ్చి వేరు, శబ్దం పిచ్చి వేరు. పాటల పిచ్చివాడు పాట వింటాడు. శబ్దం పిచ్చివాడు పాట వెనకాల కుర్చీ కిర్రుమందా లేదా అని వింటాడు. ఫోన్లలో మనం వినే పాటలను నొక్కి నొక్కి చిన్నవి చేసి పంపుతారనీ, రికార్డింగులో ఉన్నది ఉన్నట్టు వినాలంటే హై రెజల్యూషన్ ఫైళ్ళు కొని దింపుకోవాలనీ ఇంటర్నెట్‌లో కొందరు పెద్దలు నాకు జ్ఞానబోధ చేశారు. ఆ ఫైళ్ళు మామూలు పాటల్లా ఉండవు. ఒక్కొక్కటీ వరికోత మిషన్ లాంటిది. అది దారిలో వస్తోందంటే ఇంకో బండికి సందు దొరకదు.

ఆ జ్ఞానం తలకెక్కాక నాతో ఒక పూట గడపడం ఎవరి వల్లా కాలేదు. మా అక్క వంట చేస్తూ ఫోన్‌లో పాట పెట్టుకుంటే ముఖం చిట్లించేవాణ్ణి.

"అక్కా, గిది పాట కాదు. పాటకు తీసిన జిరాక్సు."

"జిరాక్సే మంచిగున్నది. నువ్వు జరుగు, పోపు మాడుతుంది" అనేది అక్క.

అలాంటి రోజుల్లో ఒక విదేశీ సైటులో ఒక వీణ కచేరీ కంటబడింది. ఎవరో పెద్దావిడ ఒక పాత మేడలో కూర్చుని, మధ్యలో ఎక్కడా ఆపకుండా వాయించారట. చెట్ల మీది పిట్టలతో సహా మైకులన్నీ పట్టుకున్నాయట. వెంటనే కొనేశాను. మా నస్రుల్లాబాద్‌లో ఫోన్ సిగ్నల్ మీద దింపబోతే సగం దాకా వచ్చి తెగిపోయేది, మళ్ళీ మొదటికి. అలా రోజులు గడిచి చివరికి సైటువాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది: రేపు సాయంత్రంతో మీ లింకు పనిచేయడం మానేస్తుంది.

సరిగ్గా ఆ సాయంత్రమే బాన్సువాడ నుంచి బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, రేపు నేను బోధన్ పోవాలె. జర సెంటర్ల కూసో. ఇంటర్ పాసైన పిల్లలు డిగ్రీ కాలేజీలు ఎంచుకునేటందుకు రేపే ఆఖరు. సాయంత్రం సైటు బందైతది. ఎవ్వల్నీ వాపస్ పంపకు."

"ఫికర్ జెయ్యకు బావా, నేనున్న గదా."

"నువ్వున్నవనే నా ఫికర్."

ఆయన ఆ మాట నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. సెంటర్‌లో ఫైబర్ లైన్ ఉంది. దాన్ని తలచుకుంటేనే నాకు ఒళ్ళు పులకరించింది.

మర్నాడు తెల్లవారగానే నా ల్యాప్‌టాప్, పెద్ద హెడ్‌ఫోన్లు, రెండు స్పీకర్లు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. సెంటర్ షట్టర్ ఎత్తి, కంప్యూటర్ల వెనకాల బల్ల మీద నా దుకాణం పరిచాను. లైన్‌లో ఎంత ఉంటే అంతా తనవైపే లాక్కునే, మధ్యలో తెగినా ఆగినచోటి నుంచే అందుకునే ఒక సాఫ్ట్‌వేర్‌ను రాత్రే సంపాదించాను. దానికి వీణ పని అప్పగించి, దిగడం పూర్తికాగానే తనంతట తనే వాయించమని కూడా చెప్పి పెట్టాను. అది దిగేలోగా కాలక్షేపానికి సైటువాళ్ళు ఇచ్చిన నమూనా ముక్క పెట్టుకుని, కళ్ళు మూసుకుని తల ఊపుతూ కూర్చున్నాను.

కళ్ళు తెరిచేసరికి ముందు గది నిండా జనం. నేను బాధ్యత తెలిసినవాణ్ణి సుమా! ముందు పిల్లల పని, తరువాతే వీణ అనుకున్నాను. వెంటనే ల్యాప్‌టాప్ మీద ఆపే బటన్ నొక్కాను. చెవుల్లో వీణ ఆగింది. నా త్యాగానికి నాకే కళ్ళు చెమర్చాయి.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. నేను ఆపింది నమూనా పాటను. డౌన్‌లోడ్‌ను కాదు. ఈ సంగతి మీకిప్పుడే తెలిసిపోయింది. నాకు సాయంత్రానికి తెలిసింది.

వరసలో మొదట నిలబడింది సంధ్య అనే అమ్మాయి. పక్కన వాళ్ళ నాయనమ్మ. మొదటి బస్సుకే జుక్కల్ నుంచి వచ్చారు.

"కొడుకా, దీనికి గీ బాన్సువాడ కాలేజిల సీటు గావాలె" అంది అవ్వ. "గియ్యాల కాకుంటే ఇగ సదువు బంద్ జేసి ఇంటికాడ కూసోవెడత అంటుండు మా కొడుకు. నేనే జగడం జేసి తోల్కొచ్చిన."

"ఎంతసేపవ్వా? చిటికెల పని" అన్నాను.

కంప్యూటర్ ముందు కూర్చుని సైటు పేరు కొట్టాను. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, ఇంకా తిరిగింది. పక్క కంప్యూటర్‌లో చూశాను. అక్కడ దాని తమ్ముడు తిరుగుతున్నాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి, పెద్ద డాక్టరు రోగం పేరు చెప్పినంత ధీమాగా చెప్పాను.

"సర్వర్ డౌన్."

"డౌనంటే?" అంది అవ్వ.

"పడిపోయిందవ్వా."

"ఎక్కడ వడ్డది?"

"హైదరాబాద్‌ల."

"అయ్యో, దెబ్బ గిట్ల తాకిందా?"

ఆమె నిజంగా అడిగిందో, నన్ను ఆటపట్టించిందో నాకిప్పటికీ తెలియదు. వెనకున్న పిల్లలు మాత్రం కిసుక్కున నవ్వారు.

వచ్చేవాళ్ళందరికీ చెప్పలేక ఒక అట్ట మీద 'సర్వర్ డౌన్' అని రాసి తలుపుకు తగిలించాను. కొందరు వేరే సెంటర్లకు వెళ్ళి, అక్కడి వరసలు చూసి తిరిగొచ్చారు. సంధ్య రెండు మూడుసార్లు నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, ఫోన్ల చేద్దామా?"

"వద్దు చెల్లె. ఫోన్ల చేస్తే తప్పులు పోతయి. జిందగీకి సంబంధించిన ముచ్చట."

కాసేపటికి మళ్ళీ వచ్చింది. "అన్నా, ఆ ఇంటర్నెట్ డబ్బా మీద అన్ని లైట్లు సల్లగున్నయి. ఒక్కటే టుకుటుకు కొట్టుకుంటుంది."

"గది గంతే. పట్టించుకోకు."

మధ్యాహ్నానికి గది సంతలా తయారైంది. గోల భరించలేక వెనక్కి వెళ్ళి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. పాట లేదు. అయినా అవి మంచి రకం, చెవులకు తగిలిస్తే బయట పిడుగు పడ్డా తెలియదు. ఆ నిశ్శబ్దంలో పిల్లల భవిష్యత్తు గురించి విచారిస్తూ కూర్చున్నాను. నా మోచేతికి తగిలేట్టు బల్ల మీది ఫోన్ వణికింది. బావ!

"ఎట్లున్నదిరా?"

"సర్వర్ డౌన్ బావా. రాష్ట్రమంత గంతే."

"రాష్ట్రమంతనా? మహమ్మద్ నగర్ల మా దోస్తు సెంటర్ మంచిగ నడుస్తుందంటుండు?"

"గది వాళ్ళ నసీబ్ బావా."

ఫోన్ పెట్టేశాక నాకు కొంచెం అనుమానం వచ్చింది. నా మీద కాదు, కేబుల్ మీద. లైన్ చూసే ఖలీల్ భాయ్‌ని పిలిచాను. ఆయన నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు.

"లైన్ ఖరాబైంది భాయ్. పిల్లల జిందగీలు ఆగమైతున్నయి" అని ఆయన మీద నలుగురిలో గట్టిగానే అరిచాను. ఆ అరుపుకు నాకు ఇప్పటికీ సిగ్గు.

ఖలీల్ భాయ్ నిచ్చెన వేశాడు. ఎండలో స్తంభమెక్కాడు. పాత తీగ పీకాడు, కొత్తది వేశాడు. తన బండిలోంచి ఇంకా పెద్ద డబ్బా తెచ్చి బిగించాడు. చెమట తుడుచుకుంటూ, "ఇగ చూడు భాయ్, రాకెట్ లెక్క పోతది" అన్నాడు.

పోయింది. రాకెట్ లాగే పోయింది. ఎటు పోయిందో మీకు తెలుసు. కంప్యూటర్లలో చక్రాలు మాత్రం అంతే నిదానంగా, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే భక్తుల్లా తిరుగుతూనే ఉన్నాయి.

ఎండ వాలింది. ఇక సైటు మూసేసే వేళ దగ్గరపడింది. ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. సంధ్య ఏడవలేదు, కాగితాలను గుండెకు హత్తుకుని తెర వంకే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక నేను మళ్ళీ వెనక్కి పారిపోయి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.

అప్పుడు నా చెవుల్లో వీణ మోగింది.

ఉలిక్కిపడి లేచాను. హెడ్‌ఫోన్ల తీగ ల్యాప్‌టాప్ నుంచి ఊడొచ్చింది. దాంతో శబ్దం స్పీకర్లకు మళ్ళింది. సెంటర్ నిండా వీణ. అదే క్షణాన అన్ని తెరల మీదా సైటు తెరుచుకుంది.

"వచ్చింది! సర్వర్ లేచింది!" అని పిల్లలు అరిచారు. సంధ్య మాత్రం నా వెనకున్న ల్యాప్‌టాప్ వంక చూసింది. పైకే చదివింది.

"డౌన్‌లోడ్ పూర్తయింది."

లైన్ సంగతి తేలక అక్కడే ఉండిపోయిన ఖలీల్ భాయ్ ల్యాప్‌టాప్ చూశాడు. తన డబ్బా చూశాడు. తను ఎక్కిన స్తంభం చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"భాయ్, నేను ఎండల ఎక్కింది గీ పాట కోసమా?"

సంజాయిషీ చెప్పుకునే సమయం లేదు. కంప్యూటర్లన్నిటి ముందూ పిల్లల్ని కూర్చోబెట్టి, నేను ఒక తెర నుంచి ఇంకో తెరకు గెంతుతూ పని చేశాను. ఖలీల్ భాయ్ కూడా కోపం పక్కనపెట్టి ప్రింట్లు తీశాడు. ఆ హడావిడిలో వీణ ఆపడం ఎవరికీ గుర్తులేదు. అది తన మానాన తను తీరిగ్గా మోగుతూనే ఉంది. సంధ్య తనకంటే ముందు ఏడుస్తున్న అమ్మాయిని కూర్చోబెట్టింది. తను ఆఖరున కూర్చుంది. బాన్సువాడ కాలేజీ పేరు మొదట పెట్టి పంపింది. అందినట్టు తెర మీద అక్షరాలు వచ్చాక గాని నాకు ఊపిరి ఆడలేదు. ఆ తరువాత కాసేపటికే సైటు మూతపడింది.

మిగతా పిల్లలందరూ వెళ్ళిపోయారు. అప్పుడే బావ వచ్చాడు. తలుపు మీది అట్ట చదివాడు, స్పీకర్లు చూశాడు, ఖలీల్ భాయ్ ద్వారా కథంతా విన్నాడు.

"అంటే, కాలువ మొదట్ల మోటర్ వెట్టి నీళ్ళన్నీ నువ్వే గుంజుకొని, కిందోళ్ళకు వానల్లేవని చెప్పినవన్నమాట" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

అవ్వ ఇంకా సంధ్యతో బెంచీ మీదే కూర్చుని ఉంది. బస్సుకు ఇంకా వేళ ఉంది. ఆమెకు చాయ్ తెప్పించి, పక్కన చేరాను. క్షమాపణ అడగడానికే చేరాను, నమ్మండి. కానీ వీణ అప్పుడే ఒక చోట సన్నగా దిగుతోంది. పిచ్చి మనిషిని ఎక్కడ వదులుతుంది?

"అవ్వా, జర విను. ఆమె వేలు తీగ మీద జరిగిన చప్పుడు సుత ఇనవడ్తుంది. ఎక్కన్నో దూరంగ పిట్ట అరుస్తుంది చూడు, గది సుత."

అవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి, శ్రద్ధగా విన్నది.

"అవును కొడుకా. పిట్ట ఇనవడ్తుంది" అంది. "గంత దూరంల పిట్ట అరిస్తే ఇనవడ్డది గని, పొద్దటి సంది నీ పక్కన నిలవడి మేం మొత్తుకుంటే ఇనవడలేదా?"

బావ నవ్వాడు. ఖలీల్ భాయ్ నవ్వాడు. సంధ్య కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులన్నీ నాకు హై రెజల్యూషన్‌లో, ఒక్క ముక్క కూడా పోకుండా వినిపించాయి.

ఆ రోజు బావ ఎదుట కుడిచెయ్యి చాపి నేను ప్రమాణం చేశాను. ఇక నా బొందిలో ప్రాణం ఉండగా పరుల లైన్ మీద వీణను గాని, వేణువును గాని, కనీసం ఒక్క తాళం చప్పుడును గాని దింపను. ఏ సర్వర్ మీదా నింద వేయను. ముఖ్యంగా, నా పక్కన ఏ అవ్వ నిలబడినా ముందు చెవులమీది డిప్పలు తీసి, చేతులు కట్టుకుని, "ఏందవ్వా?" అని అడిగిన తరువాతే మిగతా సంగీతం.