సుమిత్రమ్మ చుట్టాల మర్యాద

సుమిత్రమ్మకు నోటికొచ్చిన మాట తొందరపడి అనేయడం ఒక అలవాటు. అన్న మాట నిలబెట్టుకోవడానికి ఇంటిల్లిపాదినీ తిప్పలు పెట్టడం రెండో అలవాటు. 1963 దసరాకు ఈ రెండూ కలిసి ఆమె మెడకే చుట్టుకున్నాయి.

మాట అన్నది అంతకు ముందటి ఏడు, వర్నిలో. ఆమె భర్త ఆత్మారాం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే చోట పనిచేసేవాడు. అతని తల్లిదండ్రులు పోయారు. పెద్దదిక్కంటే ఏర్గట్లలో కొడుకుతో కలిసి పసుపు పండించుకునే పెదనాన్న నర్సన్న, పెద్దమ్మ భూమవ్వలే. పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు వచ్చి, పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇప్పించి, బతుకమ్మ ఆట చూసి, దసరా జమ్మి ఆకు చేతిలో పెట్టించుకుని వెళ్లడం ఆ ముసలి దంపతుల ఆనవాయితీ. ఒక ఏడు వర్నిలో ఆత్మారాం అన్న ఇంట్లో ఉంటే, మరో ఏడు బోధన్‌లో. వర్ని వంతు వచ్చినప్పుడు భూమవ్వ బావి దగ్గర జారి చెయ్యి బెణికించుకుంది. పరామర్శకు పోయిన సుమిత్రమ్మ, తోడికోడలు హన్మవ్వ వింటుండగానే, నలుగురిలో అనేసింది.

"మా ఇంట్లయితే అత్తమ్మను కాలు కింద పెట్టనిస్తనా?"

హన్మవ్వ చిన్నగా నవ్వి చాయ పోసింది. ఆ నవ్వు సుమిత్రమ్మకు ఏడాది పొడుగునా గుర్తుకొస్తూనే ఉంది.

అందుకని మరుసటి ఏడు పెత్రమాసకు రైలు దిగిన ఆ ఇద్దరినీ ఆమె రిక్షాలో కూర్చోబెట్టి, వాకిట్లోకి తెచ్చి, వాకిట్లోంచి నేరుగా మంచం మీదికి ఎక్కించింది. నవారు మంచాలు రెండు. కొత్త దిండ్లు రెండు. భూమవ్వ చెంబు అందుకోబోతే సుమిత్రమ్మ ముందే అందుకుంది. చీపురు పట్టుకోబోతే లాక్కుంది. నర్సన్న వీధి చివరిదాకా పోయొస్తానని చెప్పులు వెతుక్కుంటే, చెప్పులు అటక మీద ఉన్నాయి.

"బండ్లు గిట్ల తిరుగుతయ్ మామా. మీకు కండ్లు సరిగ ఆనయి. పండుకోండ్రి."

"పొద్దుగాల్నే లేసినగద బిడ్డా."

"అయితే ఏమాయె. మల్ల పండుకోండ్రి."

తిండి సంగతి మరీ పకడ్బందీ. పెద్ద వయసువాళ్లకు అరగదని అన్నం గంజిలా వండింది. పెసరకట్టులో ఉప్పు తగ్గించింది, కారం మానేసింది. పక్కన ఇంత నెయ్యి. భూమవ్వ రెండు ముద్దలు తిని, "మస్తున్నది బిడ్డా" అని చెయ్యి కడుక్కునేది. నర్సన్న ఆ రెండు ముద్దలూ తినడానికి భార్య ముఖం చూసేవాడు.

మధ్యాహ్నం వాళ్లు కన్ను మూసేవేళ చప్పుడు కాకూడదు. వీధిలో గోలీలాడే పిల్లల్ని అదిలించింది. పెరటి గోడ అవతల దూదేకే దస్తగిర్ ఇల్లు. చలికాలం వస్తోందని బొంతలు, రజాయిల పని జోరుగా ఉంది, విల్లు టంగుటంగుమని పొద్దంతా మోగుతోంది. సుమిత్రమ్మ పోయి, అన్నం వేళ దాటినాక కొంచెంసేపు ఆపమని అడిగింది. ముసలోళ్లు పడుకోవాలి కదా అని దస్తగిర్ సరేనన్నాడు. రెండో రోజు నుంచి నిజంగానే మధ్యాహ్నం విల్లు మోగడం ఆగిపోయింది. సుమిత్రమ్మ మురిసిపోయి, గది తలుపు దగ్గరగా వేసి, తానూ వంటింట్లో ఒక కునుకు తీయడం మొదలుపెట్టింది. తన మాటకు అంత విలువ ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఒక్కటే దిగులు. ఇద్దరూ తినడం లేదు. రోజురోజుకూ ముద్దలు తగ్గుతున్నాయి. చిక్కిపోయి ఏర్గట్లకు పోతే, హన్మవ్వ మళ్లీ అలాగే నవ్వుతుంది. సుమిత్రమ్మ రామస్వామి కంపౌండర్‌ను పిలిపించింది. ఆయన నాడి చూసి, కళ్లు చూసి, నర్సన్న కడుపు మీద వేళ్లతో తట్టి తలాడించాడు.

"ఆకలి ఎట్లయితదమ్మా? కడుపు నిండుగనే ఉన్నది."

"ఏం తిన్లేదు, ఎట్ల నిండింది?"

"గది నాకేం తెల్సు. సోడా తాగిపియ్యి."

నర్సన్న ఎంతో వినయంగా సోడా తాగి, పెద్ద తేన్పు తేన్చాడు. వెల్లుల్లి వాసన వచ్చినట్టు సుమిత్రమ్మకు అనుమానం తగిలింది కానీ, మామగారి తేన్పును పట్టి అడగడం మర్యాద కాదని ఊరుకుంది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు సాయంత్రం ఆయన మీసంలో తెల్లటి పోగు ఒకటి కనిపించింది. ఆయన మీసం కూడా తెల్లదే కాబట్టి ముందు పోల్చుకోలేకపోయింది. దగ్గరికి పోయి చూస్తే దూది. జుట్టులో ఇంకొంచెం, చెవి వెనుక ఇంకొంచెం. దిండు చినిగిందనుకుంది. ముసలాయన ముక్కులోకి దూది పోతే ఇంకేమన్నా ఉందా? అటూ ఇటూ తిప్పి చూసినా చిరుగు కనిపించలేదు. కుట్లే వదులయ్యాయి కాబోలనుకుంది.

మర్నాడు అన్నాలయ్యాక వాళ్ల గది తలుపు వేసి, తన దగ్గరున్న మరో దిండు మామకిచ్చి, ఆ దిండును చంకన పెట్టుకుని కునుకు కూడా మానుకొని దస్తగిర్ ఇంటికి బయలుదేరింది. కాని దారిలో బతుకమ్మకు పూలు తెచ్చిన పక్కింటామెతో మాటల్లో పడి కొంత ఆలస్యమైంది.

దస్తగిర్ రేకుల కొట్టంలో విల్లు గోడకు ఆనించి ఉంది. దూది కుప్పకు వీపు ఆనించి కూర్చుని నర్సన్న పసుపు చేలో అడవిపందిని తరిమిన ముచ్చట చెబుతున్నాడు. దస్తగిర్ పని ఆపి నోరు తెరిచి వింటున్నాడు. పక్కన భూమవ్వ కాళ్లు చాపుకుని బొంత కుడుతోంది. నడుమ ఒక పళ్లెం, అందులో జొన్నరొట్టె, ఎర్రగా ఎల్లిపాయ కారం. వాకిట్లో సుమిత్రమ్మను ముందు చూసింది దస్తగిర్ భార్య రషీదా.

"రా సుమిత్రా," అంది. పళ్లెం వెనక్కి జరిపింది.

నర్సన్న పంది కథ మధ్యలోనే ఆగిపోయింది. భూమవ్వ మాత్రం తడబడలేదు.

"దిండు సినిగిందా బిడ్డా? తే, గీడనే కుడ్త."

సుమిత్రమ్మ దిండు అక్కడే వదిలి వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి వంటింట్లో పొయ్యి ముందు కూర్చుంది. ఏడుపు వచ్చింది. ఏడవడానికి కారణం వెతికితే సరిగా చిక్కలేదు. కారం తిన్నారని ఏడవాలా, పక్కింట్లో తిన్నారని ఏడవాలా?

కాసేపటికి భూమవ్వ పెరటి దారిన వచ్చి పక్కన చతికిలబడింది.

"నాకు చెప్తె ఏమైతుండె అత్తమ్మా? నేను రొట్టె చేసియ్యకపోదునా?"

"ఎట్ల చెప్పాలె? మొదటినాడే ఉప్పులేని అన్నం తిని మస్తున్నదంటిమి. గాడ్నే ఇరుక్కపోయినం."

"అనకుంటె అయితుండె గద."

"నీ మొఖం సూసి అన్నం. వర్నిదాని మీద పేరు తెచ్చుకోవాలని నువ్వు గంత తిప్పల పడ్తుంటివి, మేమెందుకు చెడగొట్టాలె? మీ మామకైతే రోజు చెప్పుకుంట వచ్చిన, పిల్ల మనసు నొప్పియ్యకు, గమ్మున పండుకో అని. పండుకొని పండుకొని ఆయిన నడుమే పట్టుకున్నది."

ఇన్నాళ్లూ సుమిత్రమ్మ తాను వాళ్లను సాకుతున్నాననుకుంది. వాళ్లు గంజి మింగి, మంచం కాచి, తననే సాకుతూ వచ్చారు. ముక్కు చీదుకుని ఆమె లేచింది, అటక మీంచి మామ చెప్పులు దించింది.

ఆ సాయంత్రం నర్సన్న కాలువ గట్టుకు పోయి గునుగు పూలు కోసుకొచ్చాడు. భూమవ్వ కూర్చుని బతుకమ్మను పేర్చింది. అది ఒక పక్కకు ఒరిగింది. సరిచేద్దామని సుమిత్రమ్మ చెయ్యి ముందుకు పోయింది. మళ్లీ ఏమనుకుందో, ఆ చేతిని వెనక్కి తీసుకుంది. ఆటకు వచ్చిన రషీదా ఆ పూల వంకర చూసి, సుమిత్రమ్మ చెవిలో నవ్వింది.

"ఆమె కుట్టు గూడ గిట్లనే ఉంటది. పొద్దుగూకినంక నేను ఇప్పి మల్ల కుడ్తున్న."

"మరెందుకు కుట్టిపిచ్చుకున్నవ్?"

"ఖాళీగ కూసోలేదు గద పాపం. ఇప్పి కుట్టుడు నాకేం బరువా?"

దసరానాడు వర్ని నుంచి హన్మవ్వ, ఆమె భర్త జమ్మి పెట్టడానికి వచ్చారు. హన్మవ్వ పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, మామూలుగానే అడిగింది.

"ఎట్ల చూసుకున్నదత్తమ్మా మా సుమిత్ర?"

భూమవ్వ తొణక్కుండా చెప్పింది. "కాలు కింద పెట్టనియ్యలే బిడ్డా. ఒక్క పని ముట్టనియ్యలే."

నర్సన్న మీసం సవరించుకుంటూ గోడవైపు చూశాడు. ఆ మాటే వినాలని ఏడాదిగా ఎదురుచూసిన సుమిత్రమ్మ, అది వినిపించాక అక్కడ నిలబడలేకపోయింది. తోడికోడలిని వంటింట్లోకి పిలిచి, ఆమె చేతిలో జమ్మి ఆకు పెట్టింది.

"పోయినేడు నోరు జారిన అక్కా. ఆమెను ఆపుడు ఎవ్వలతోటి కాదు. నాతోటి గూడ కాలే."

హన్మవ్వ ఈసారి గట్టిగానే నవ్వింది. ఆ నవ్వులో సుమిత్రమ్మకు వెతుక్కోవడానికి ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత ముసలి చుట్టాలు బోధన్ రావడం మానలేదు. నర్సన్న పోయాక కూడా భూమవ్వ వంతు లేని ఏళ్లలోనూ వచ్చేది. డెబ్భైల నాటికి ఇందల్వాయి నుంచి ఆత్మారాం మేనత్త, సుమిత్రమ్మ సొంత చిన్నవ్వ కూడా పెత్రమాసకే దిగేవాళ్లు. వచ్చినవాళ్లను సుమిత్రమ్మ మంచం మీద కూర్చోమనేది కాదు, ఏం పని చేస్తారని అడిగేది. ఒకరు నువ్వులు చెరిగేవారు, ఒకరు రొట్టెలు కొట్టేవారు, ఒకరు ఊరికే కూర్చుని మిగతా ఇద్దరికీ వంకలు పెట్టేవారు. అదీ పనే అనేది సుమిత్రమ్మ.

ఒక దసరాకు డ్యూటీ దిగి వచ్చిన ఆత్మారాం, కూర్చోవడానికి చోటు లేక, గడపలో నిలబడి ఇల్లంతా కలియజూశాడు.

"నేనేడ కూసోవాలె?"

"కూసునుడెందుకు," అంది సుమిత్రమ్మ, ఎల్లిపాయల చాట అతని చేతికి అందిస్తూ. "గివి ఒలువు."