రెండు సెట్లలో ఒకే లోపం

1970 జూన్‌లో నన్ను పంచాయతీ రేడియోల మరమ్మతు శాఖలో రెండో గ్రేడు మెకానిక్కుగా తీసుకుని, నగరానికి పడమటి వైపు ఊళ్ళను అప్పగించారు. కూకట్‌పల్లి, మియాపూర్, హఫీజ్‌పేట్, గోపన్‌పల్లి, వాటి చుట్టుపక్కల పల్లెలు కలిపి ముప్పై ఎనిమిది సెట్లు. కూకట్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. శాఖ ఇచ్చినవి ఒక పనిముట్ల సంచి, ఒక మల్టీమీటరు, ఒక రిజిస్టరు. సైకిలు నాదే.

పంచాయతీ రేడియో అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. ఊరికి ఒక్కటే సెట్టు. పంచాయతీ ఆఫీసులో చెక్కపెట్టెలో తాళం వేసి ఉండేది, గోడ బయట లౌడ్‌స్పీకరు. తాళంచెవి సంరక్షకుడనే మనిషి దగ్గర ఉంటుంది. సాయంత్రం రైతుల కార్యక్రమం వేళకు అతను పెట్టె తెరుస్తాడు, వార్తలయ్యాక మూస్తాడు. సెట్టు మొరాయిస్తే అచ్చు కార్డు మీద లోపం రాసి పోస్టులో వేస్తాడు. కార్డు అందిన వారంలోగా నేను వెళ్ళాలి.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆబిడ్స్‌లో ఆదివారాలు రోడ్డు పక్కన అమ్మే ఇంగ్లీషు రేడియో పుస్తకాలు కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ రెండు రోజులు చదివి నేర్చుకున్నాను. మా సూపర్‌వైజరు డిప్లొమా చేసిన కోస్తా మనిషి. నేను వర్క్‌షాపులో అడుగుపెడితే చాలు, "రండి రండి, పండితుడుగారొచ్చారండీ, కుర్చీ వెయ్యండి" అని నలుగురికీ వినపడేలా అనేవాడు. అక్కడ నాకు కుర్చీ ఉండేది కాదు.

రిజిస్టరులో నాలుగు గడులు: తేదీ, ఊరు, లోపం, మార్చిన భాగం. "లోపం లేదు" అని రాయకూడదు. ఎక్కడా రాతపూర్వకంగా లేని నియమం అది, కానీ రాసి ఉన్నవాటికంటే గట్టిగా అమలయ్యేది. మొదటి నెలలో నేనొకసారి అలా రాస్తే సూపర్‌వైజరు రిజిస్టరు నా ముందు పడేసి, "ఏవయ్యా, లోపం లేనప్పుడు అంత దూరం సైకిలు ఎందుకు తొక్కినట్టు? గాలి మార్పు కోసమా?" అన్నాడు. పాత మెకానిక్కులు కిటుకు చెప్పారు. వెళ్ళిన చోట ఏదో ఒక భాగం మార్చు, రాయి, సంరక్షకుడి సంతకం తీసుకో. ఏ భాగమైనా ఎప్పుడో ఒకప్పుడు పోయేదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని ఆ పద్ధతికి అలవాటుపడ్డాను.

గోపన్‌పల్లి సెట్టుకు సంరక్షకుడు జంగయ్య. ముప్పై ఏళ్ళ మనిషి. ఊరి బయట రాతి క్వారీలో బండలకు రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చే పని. నాలుగు ముక్కలు రాయడం వచ్చు కాబట్టి సర్పంచు తాళంచెవి అతనికిచ్చాడు.

మరుసటి ఏడు చలికాలంలో ఒక ఆదివారం అతను ఏదో పని మీద కూకట్‌పల్లి వచ్చి నా గదికి వచ్చాడు. గదిలో నేను సొంతంగా కట్టుకున్న వాల్వుల యాంప్లిఫయరు, పాత రికార్డు ప్లేయరు, గోడకు ఆనించిన ఒక తలుపు రెక్క ఉండేవి. ఆ తలుపుకు రంధ్రం చేసి స్పీకరు బిగించాను. స్పీకరు ముందు నుంచి వచ్చే ధ్వని, వెనక నుంచి వచ్చే ధ్వని కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. వెడల్పాటి చెక్క అడ్డం ఉంటే ఆ నష్టం తగ్గుతుంది. అతనికి వినిపిద్దామని ఒక సన్నాయి రికార్డు పెట్టాను.

జంగయ్య గొంతుక్కూచుని విన్నాడు. కాసేపటికి చెయ్యెత్తాడు.

"సారూ, జర ఆపు. ఊదెటోడు ఊపిరి గుంజుకున్నడు. నాకు ఇనవడ్డది."

మళ్ళీ పెట్టాను.

"ఇగో, గిక్కడనే! మనిషి గీ తల్పు ఎనక కూసున్నట్టే ఉన్నది గదా. ఏంది సారూ గిది?" అని లేచి నిజంగానే తలుపు వెనక తొంగి చూశాడు. చూసి తనమీద తానే నవ్వుకున్నాడు. ఆ రోజు ఆ రికార్డు ఒకవైపే ఏడుసార్లు వేయించుకున్నాడు.

ఇళ్ళలో పెట్టుకునే ఈ పాటల పెట్టెల పిచ్చి మనుషులకు ఎలా పడుతుందని నన్ను చాలామంది అడుగుతారు. ఇలాగే పడుతుంది. ఇవాళ ఇదే గోపన్‌పల్లి దారిలో, అద్దాల షోరూములో, చల్లటి గదిలో సోఫా మీద కూర్చోబెట్టి ఇన్ని వాట్లు, ఇన్ని ఛానెళ్ళు అని అప్పజెప్తారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాట్లు విని ఎవరికీ మోజు పుట్టదు. ఎరిగిన శబ్దంలోనే ఇంతకాలం వినపడనిది ఒక్కటి ఒకసారి వినపడాలి. ఆ మనిషి ఇక పాత శబ్దంతో సరిపెట్టుకోలేడు. అతనికి సామాను కావాలి. డబ్బున్నవాడు కొంటాడు, లేనివాడు కట్టుకుంటాడు.

జంగయ్య కట్టుకున్నాడు. పాత సామాను అమ్మే జుమ్మేరాత్ బజారులో పాడైన వాల్వు రేడియో ఒకటి సంపాదిస్తే నేను బాగుచేసి ఇచ్చాను. నా పాత రికార్డు ప్లేయరు, ఆ సన్నాయి రికార్డు కూడా ఇచ్చాను. స్పీకరుకు పెట్టె చేయించే స్తోమత లేక, ఇంట్లో నీళ్ళు నింపి పెట్టుకునే మట్టి గోలెం ఖాళీ చేశాడు. లోపల చింకి గొంగడి కూరి, మూతికి చెక్క బిగించి, చెక్కలో స్పీకరు పెట్టాడు. రాయి తొలిచే చేతులు కాబట్టి ఎక్కడా సందు లేకుండా కుదిరింది. ఆ గోలెంలోంచి వచ్చినంత నిండైన డోలు నా తలుపులోంచి రాలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

అతని భార్య అంజమ్మ మాత్రం నేను కనపడగానే మొదలుపెట్టింది.

"నీ పున్నెమాని నా గోలెం పాయె సారూ. నీళ్ళు యాడ పొయ్యాలె ఇగ? నీ రేడియల పొయ్యాల్నా?"

"పొయ్యకే తల్లీ, షాక్ కొడ్తది," అన్నాడు జంగయ్య.

"గొట్టనియ్యి, గప్పుడన్న నా దిక్కు సూస్తవేమో," అంది ఆమె.

రెండేళ్ళకు పైగా బాగానే గడిచింది. 1974 వానాకాలంలో గోపన్‌పల్లి నుంచి కార్డు వచ్చింది. "మాట మొద్దుగ వస్తున్నది. స, శ తెలుస్త లేవు" అని రాశాడు. వెళ్ళి విన్నాను. నాకు అన్నీ తెలుస్తున్నాయి. కానీ రిజిస్టరు ఉంది కదా. స్పీకరు మార్చి, "స్పీకరు కోను పాతబడింది" అని రాసి సంతకం తీసుకున్నాను. జంగయ్య టీ తాగడానికి తన ఇంటికి తీసుకెళ్ళి, ఇంట్లో రికార్డులో కూడా సన్నాయివాడి ఊపిరి పోయిందని చెప్పాడు. ప్లేయరు సూది అరిగి ఉంటుందన్నాను, సూది మార్చాను.

పంచాయతీ సెట్టు వేరు, ఇంటి సెట్టు వేరు. రెండింటికీ ఒక్క తీగైనా ఉమ్మడిగా లేదు. రెండు సెట్లలో ఒకే లోపం ఒకే కాలంలో వచ్చిందంటే లోపం సెట్లలో లేదని మొదటి నెల నేర్చుకునేవాడికి కూడా తట్టాలి. నాకు తట్టలేదు. ఇంటి సెట్టు నా రిజిస్టరులో లేదు కాబట్టి దాని గురించి నేను ఆలోచించనే లేదు.

చలికాలంలో రెండో కార్డు. ఈసారి ఔట్‌పుట్ వాల్వు మార్చాను. నేను స్క్రూలు బిగిస్తుంటే జంగయ్య పక్కన నిలబడి, సాయంత్రాలు చెవుల్లో గుయ్యిమంటున్నదని, హఫీజ్‌పేట్ స్టేషను దగ్గరి గోదాములో పని ఉందని బావమరిది పిలుస్తున్నాడని చెప్పాడు. తర్వాత సూటిగానే అడిగాడు.

"సారూ, ఒకవేళ నా చెవులల్లనే ఏమన్న ఫరక్ ఉన్నదంటవా? గా మందు సప్పుడుకు?"

నేను తల ఎత్తలేదు. "నీ చెవులకేమైంది జంగయ్యా, పాము చెవులు నీవి. వాల్వు పోయింది, మార్చిన. ఫికర్ చెయ్యకు," అన్నాను.

నా మాట మీద అతనికి ఉన్న గురి అలాంటిది. మందు పనిలో మేస్త్రీ అని పేరున్నవాడు మూటలు మొయ్యడమెందుకని గోదాము పని వద్దన్నాడు. ఆ పని ఇంకొకరికి పోయింది.

మరో మూడు నెలలకు మూడో కార్డు. ఈసారి నా పనితనానికే సవాలు అనుకున్నాను. ఆ సెట్లలో టోన్ కండెన్సరు అని ఒకటి ఉంటుంది. సన్నటి, కీచుమనే శబ్దాలను కొంత మింగేసి, చెవికి ఇంపుగా చేయడం దాని పని. దాన్ని తీసేసి చాలా చిన్న విలువది పెట్టాను. జంగయ్య ముఖం వెలిగింది. "గిప్పుడు జర తెలుస్తున్నది సారూ," అన్నాడు. నేను గర్వంగా సైకిలెక్కాను.

పది రోజుల్లో ఊరి బడిపంతులు మా ఆఫీసుకు ఉత్తరం రాశాడు. రేడియో వింటుంటే చెవుల్లో సూదులు గుచ్చినట్టుందని, జనం అరుగు దిగి వెళ్ళిపోతున్నారని. సూపర్‌వైజరు దాన్ని అందరి ముందు చదివి, "పండితుడుగారు కొత్తరకం రేడియో కనిపెట్టారండీ" అని, నా చేతిలో మెమో పెట్టాడు. తిట్టడమే తప్ప అతనూ ఆలోచించలేదు. ఒక మనిషికి మొద్దుగా వినపడే సెట్టు ఊరందరికీ పదునుగా ఎలా వినపడుతుందని ఆ డిప్లొమా అడగలేదు. ఆ ప్రశ్న నాకు మెమో మడిచి జేబులో పెట్టుకుంటుంటే వచ్చింది.

మరునాడు వర్క్‌షాపులోని సిగ్నల్ జనరేటరు అడిగి తీసుకుని వెళ్ళాను. మీట తిప్పిన కొద్దీ లావు కూత నుంచి సన్నటి కూత దాకా ఒక్కొక్క మెట్టే పలికించే యంత్రం అది. పంచాయతీ సెట్టులో పాత విలువ కండెన్సరు తిరిగి వేసి, జంగయ్య ఇంటికి వెళ్ళి జనరేటరును గోలెం సెట్టుకు తగిలించాను. దంపతులిద్దరినీ గోడకు ఆనుకుని కూర్చోమని, కూత వినపడినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచమన్నాను. అంజమ్మకు ఇదంతా ఆటలా ఉంది. "బడిపిల్లల లెక్క," అని నవ్వుతూ చెయ్యి ఎత్తింది.

మీట తిప్పుతూ పోయాను. సెకనుకు మూడువేల కంపనాలు దాటిన కాసేపటికే జంగయ్య చెయ్యి దించాడు. "ఆపినవా సారూ?" అన్నాడు. నేను ఆపలేదు. నాలుగువేలు, ఐదువేలు, ఆరువేలు. అంజమ్మ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆమె నవ్వు మాత్రం ఆగిపోయింది. జంగయ్య పక్కకు తిరిగి ఆమె చెయ్యి చూశాడు, నా చేతి కింద మీట చూశాడు.

అప్పుడు అడిగాడు. "మరి నువ్వు మూడు మాట్ల వచ్చి ఏం బాగుజేసినవ్ సారూ?"

రిజిస్టరు సంగతి చెప్పాను. గడి ఖాళీగా ఉంచకూడదని చెప్పాను. అతను కోప్పడలేదు.

"నేను అడిగితి గద నిన్ను," అన్నాడు. "గట్టిగ అడిగితి."

అంజమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను సామాను సర్దుకునేదాకా బయటికి రాలేదు.

తర్వాతి సోమవారం నేనే అతన్ని నగరంలో చెవుల దవాఖానకు తీసుకెళ్ళాను. పేలుళ్ళ మోతకు లోపలి నరం దెబ్బతిన్నదని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవాలంటే ఆ పని ఆ రోజే మానాలని డాక్టరు చెప్పాడు. చెవులు గుయ్యిమనడం మొదలైనప్పుడే వచ్చి ఉంటే మాటల వరకైనా సాఫీగా నిలిచేవని కూడా అన్నాడు. అది నేను జంగయ్యకు గట్టిగా, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. గోదాములో చోటు లేదు. వేరే పని దొరికేదాకా మరో ఏడాది చెవుల్లో దూది పెట్టుకుని క్వారీకే వెళ్ళాడు. ఆ ఏడాదిలో మాటలు వినపడడం కూడా చాలావరకు పోయింది.

పంచాయతీ తాళంచెవి సర్పంచుకు ఇచ్చేశాడు. సెట్టు మోగుతున్నదో లేదో తెలియని మనిషి కార్డు ఏం రాస్తాడన్నాడు. ఇంటి సెట్టు కొన్నాళ్ళు నిండా సౌండు పెట్టి వినేవాడు. ఇరుగుపొరుగు గొడవపడ్డారు. ఆ తర్వాత నేను ఆ వైపు వెళ్ళినప్పుడల్లా అది ఆపేసే ఉండేది. నాతో మాట్లాడేవాడు, టీ ఇప్పించేవాడు. సెట్టు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

నేను ఆ తర్వాత లోపం కనపడని ప్రతిచోటా "లోపం లేదు" అనే రాశాను. మెమోలు వచ్చాయి. మొదటి గ్రేడు నాకంటే వెనక చేరినవాళ్ళకు ముందు ఇచ్చారు. సెట్టు విప్పే ముందు ఫిర్యాదు చేసినవాణ్ణీ, ఇంకొకరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వినిపించడం నా పద్ధతి అయింది. మిగిలిన ఉద్యోగమంతా అలాగే చేశాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. ఫిర్యాదు చేసే మనిషి నిజమే చెబుతాడు, లోపం ఎక్కడుందో మాత్రం అతనికి తెలియకపోవచ్చు. దాన్ని కనిపెట్టడమే మెకానిక్కు పని. గోపన్‌పల్లిలో మూడుసార్లు నేను ఆ పని చేయలేదు. మూడుసార్లూ చేసినట్టు రాసి సంతకం పెట్టించుకున్నాను.